మందుల పేటెంట్లు – మన ఫార్మసీ పిల్లలకు ఇంకో దారి

బి.ఫార్మసీ, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసిన పిల్లలను తర్వాత ఏం చేస్తారని అడిగితే మెడికల్ షాపు, మెడికల్ రెప్, కాకుంటే కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ అంటారు. ఇవన్నీ గౌరవమైన పనులే. ఆ పక్కనే ఉన్న మరో వృత్తి గురించి చదువుకు సాయపడే దాతలకు కూడా తెలియాలని ఈ వ్యాసం.

కొత్త మందు కనిపెట్టినవారికి, దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్ల వరకు ఇతరులు దాన్ని తయారుచేయకుండా ఆపే హక్కే పేటెంటు. ఆ దరఖాస్తు రాసి, పేటెంట్ కార్యాలయం ముందు వాదించేవారు పేటెంట్ ఏజెంట్లు. న్యాయ పట్టా కూడా ఉన్నవారిని పేటెంట్ అటార్నీ అంటుంటారు.

దరఖాస్తులో ప్రాణం ‘క్లెయిము’. పొలం దస్తావేజులో హద్దుల వంటిది. ఒక్కో క్లెయిమును ఒకే వాక్యంలో రాయాలి. టిఫిన్ క్యారియరును మొదటిసారి మీరే కనిపెట్టారనుకోండి. ‘మూత ఉన్న స్టీలు గిన్నె’ అని రాస్తే అది పాత వస్తువే అని తిప్పికొడతారు. ‘మూడు గిన్నెలు’ అని రాస్తే పక్కవాడు రెండు గిన్నెలతో చేసి తప్పించుకుంటాడు. మందు అణువుకైనా ఇదే లెక్క. బయోటెక్నాలజీలో ఇంకో చిక్కు ఉంది. మాటల్లో పూర్తిగా వర్ణించలేని కొత్త సూక్ష్మజీవి అయితే, చండీగఢ్‌లో ఉన్నటువంటి గుర్తింపు పొందిన కేంద్రంలో దాని నమూనాను జమచేయాలి.

మన 1970 చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది. హైదరాబాదు మందుల కంపెనీలు ఎదిగింది ఆ నీడలోనే. 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు వచ్చింది. దాంతో ఏ పేటెంటు ఎప్పుడు ముగుస్తుందో, ఏది చెల్లదో చదివి చెప్పే మనుషుల అవసరం పెరిగింది.

ఈ కాగితాల పని రోగి దాకా ఎలా వస్తుందో చూడండి. కాలేయం, మూత్రపిండాల క్యాన్సరుకు వాడే నెక్సావర్ మందును బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. హైదరాబాదుకు చెందిన నాట్కో తప్పనిసరి లైసెన్సు అడిగింది. 2012 మార్చి 9న అది మంజూరైంది. నెలకు సరిపడే 120 మాత్రలు 8,800 రూపాయలకే అమ్మాలని, అమ్మకాలపై 6 శాతం బేయరుకు చెల్లించాలని ఉత్తర్వు. అప్పీలులో ఆ వాటా 7 శాతమైంది. అలాగని పేటెంటును పేదల శత్రువుగా నేను చూడను. పరిశోధనకు పెట్టిన డబ్బు తిరిగి రాకపోతే కొత్త మందు రాదు. ఏ పక్షాన కూర్చున్నా రసాయన శాస్త్రం, చట్టం రెండూ తెలిసినవారు కావాలి.

ఏజెంటు కావడానికి న్యాయ పట్టా అక్కర్లేదు. భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్సు, ఇంజనీరింగు లేదా టెక్నాలజీ డిగ్రీ ఉంటే పరీక్ష రాయవచ్చు. చట్టం మీద ఒక పేపరు, రాత నైపుణ్యం మీద ఒకటి, తర్వాత మౌఖిక పరీక్ష. ఒక్కో పేపరులో 50, మొత్తం మీద 60 శాతం మార్కులు రావాలి.

కష్టం వేరే చోట ఉంది. పరీక్ష ఏటా జరుగుతుందన్న హామీ లేదు. 2018 తర్వాత మళ్లీ 2023లోనే జరిగింది. ఇంటికి జీతం తేవలసిన పిల్లవాడు అంతకాలం ఆగలేడు. పైగా తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివినవారిని పొడవాటి ఇంగ్లీషు వాక్యాలే ముందు భయపెడతాయి. సాధారణంగా ఉపకార వేతనం పట్టా చేతికి రాగానే ఆగిపోతుంది. ఈ వృత్తికి పట్టా తర్వాతి ఏడాదే గడ్డుకాలం. ఆ ఏడాది ఇంగ్లీషు శిక్షణకు, ఇంటి ఖర్చుకు ఒక్కరికైనా హామీ ఉంటే బాగుంటుంది. చట్టం ప్రతి మాత్రం కొననక్కర్లేదు, పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.