మిగతా కథ వెండితెరపైన

తెనాలి

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, సీరియల్ టైముకి మాత్రం ఎక్కడికో పోతాయి.

నీ కొత్త ఉద్యోగం గురించి మీ నాన్న ఫోన్లో చెప్పినప్పుడు మొదట నాకు బుర్రకెక్కలేదు. రోజంతా సినిమాలూ సిరీస్‌లూ చూసి, బొమ్మ కింద పడే రెండు మూడు వాక్యాల కథ రాయడం, దానికి నెలజీతం! మా రోజుల్లో ఆ పని చేస్తే ఇంట్లో తిట్లు పడేవి. నువ్వు రాసి పంపిన ఆ కథాసారాలన్నీ చదివాను. ఎలా ఉన్నాయో దాచకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా.

భాష బాగుంది. తప్పులు లేవు. కానీ సగానికి పైగా ఒకే తీరులో ముగిశాయి: అనుకోని ఒక సంఘటన అతని జీవితాన్ని ఏ మలుపు తిప్పిందన్నదే కథ. పేర్లు కొట్టేసి చూడు. దయ్యం సినిమాకీ, ప్రేమ సినిమాకీ, క్రికెట్ సినిమాకీ అదే వాక్యం అతుకుతుంది. ఇందులో నిన్ననేదేమీ లేదు. శుక్రవారం రాత్రి వచ్చే సమీక్షలన్నీ 'తర్వాత ఏం జరిగిందన్నదే మిగతా కథ' అంటూనే కదా ఊపిరి తీసుకునేది. అవి చదివి పెరిగినదానివి.

నీ ఉద్యోగం కొత్తదేమీ కాదు, ఆ సంగతి ముందు చెప్పాలి. మా చిన్నప్పుడు హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. ముట్టుకుంటే సిరా వేలికంటుకునే నాసిరకం కాగితం, నాలుగు మడతలు. ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథ, తర్వాత పాటలు. ఆ కథ సరిగ్గా పీక మీదికి వచ్చే చోట ఆగేది. కింద 'శేషం వెండితెరపై చూడండి' అని అచ్చు. రాసినవాడి పేరు ఉండేది కాదు. ఆ అనామకుడు మాత్రం మొనగాడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. ఇంకాస్త ముందు ఆపితే జనానికి ఆసక్తి పుట్టదు, ఇంకాస్త తర్వాత ఆపితే టిక్కెట్టు తెగదు. ఆ తర్వాత వెండితెర నవలలు వచ్చాయి, ముళ్లపూడి వెంకటరమణ లాంటివాళ్లే వాటిని రాశారు. ఇక రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం సరేసరి. మూడు గంటల సినిమాని గంటకు కుదించి వినిపించేవాళ్లు. బొమ్మ లేదు, మాటా పాటా మాత్రమే. ఫైటింగు వచ్చిందంటే చప్పుళ్లు తప్ప ఏమీ తెలిసేది కాదు. ఎవడు గెలిచాడో తర్వాత ఎవడు మాట్లాడాడో దాన్నిబట్టి పోల్చుకోవాల్సిందే.

అవన్నీ విని, చదివి, చూసి నాకు పట్టుబడింది ఒక్కటే. సినిమా కథలో ముందు చూడాల్సింది ఏం జరిగిందన్నది కాదు, జరిగింది ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, ఎప్పుడు తెలుస్తుంది అన్నది. అది దొరికితే రెండు వాక్యాలు వాటంతటవే వస్తాయి. దొరక్కపోతే 'అనుకోని సంఘటన' దగ్గరే తచ్చాడుతూ ఉంటావు.

మాయాబజార్‌నే తీసుకో. 1957లో వచ్చింది, కె.వి. రెడ్డి తీశాడు, రచన పింగళి. పాండవుల ఇంటి కుర్రాడి పెళ్లి కథ, తెర మీద ఒక్క పాండవుడూ కనిపించడు! పాండవులు లేకుండా ఆ కథ ఎందుకు నడిచింది? అసలు సంగతి వాళ్ల చుట్టూ లేదు కాబట్టి. పెళ్లిపందిట్లో ఉన్నది శశిరేఖ కాదు, ఆ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అది కృష్ణుడికి తెలుసు, మనకి తెలుసు. దుర్యోధనుడికి తెలియదు, శకునికి తెలియదు, పీటల మీద కూర్చున్న లక్ష్మణకుమారుడికి అసలే తెలియదు. శశిరేఖగా వేసిన సావిత్రి వయ్యారంగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మగాడిలా భుజాలు విరుస్తుంది చూడు, ఆ క్షణంలో హాలంతా ఎందుకు నవ్వుతుంది? ఆ పిల్ల నడక చూసి నవ్వరు, లోపల ఉన్న ఘటోత్కచుణ్ని, ఎస్వీ రంగారావుని తలుచుకుని నవ్వుతారు. తెర మీద ఒకరు కనబడుతుంటే జనం ఇంకొకర్ని చూస్తున్నారు. చివర్లో సత్యపీఠం వస్తుంది. దాని మీద కాలు పెట్టినవాడు నిజం చెప్పాల్సిందే. శకుని ఎక్కి తన పన్నాగమంతా తనే కక్కుతాడు. మనకు ముందే తెలిసిన నిజం తెలియాల్సిన చివరి మనిషికి, బలరాముడికి, అప్పుడు చేరుతుంది. అక్కడికి కథ అయిపోయింది. అందుకే ఆ సినిమాకి కథాసారం రాసేటప్పుడు 'ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లిపందిట్లోకి చేరతాడు' అని ధైర్యంగా చెప్పెయ్యొచ్చు. దాచితే నష్టం. జనం వచ్చేదే అది చూడడానికి.

హిచ్‌కాక్ బల్లకింద బాంబు గురించి చెప్పాడని నువ్వు చదివే ఉంటావు. బాంబు ఉన్నట్టు మనకు ముందే చెబితే పావుగంట ఉగ్గబట్టుకుని కూర్చుంటాం, చెప్పకపోతే పేలినప్పుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాం. మాట నిజమే, కానీ అది భయానికి మాత్రమే పనికొచ్చే సూత్రం అనుకుంటారు చాలామంది. నవ్వుకీ అదే సూత్రం, ఏడుపుకీ అదే.

ఏడుపు అన్నాను కాబట్టి సాగరసంగమం. 1983, విశ్వనాథ్. ఈమధ్య మళ్లీ చూశాను. మాధవి భర్త చనిపోయాడు. ఆ సంగతి, ఆమెని ప్రేమించిన బాలుకి తెలియకూడదని అతని ముందుకు వచ్చేటప్పుడు బొట్టు పెట్టుకుని వస్తుంది. బాలు తాగి నూతి గట్టు మీద ఉన్నాడు, వాన పడుతోంది. ఆమె బొట్టు ఎక్కడ చెరిగిపోతుందోనని ఆమె నుదుటికి తన అరచెయ్యి అడ్డం పెడతాడు. అంతే సన్నివేశం. పెద్ద డైలాగు లేదు. ఆ బొట్టు అబద్ధమని ఆమెకి తెలుసు, మనకి తెలుసు. దాన్ని కాపాడుతున్నవాడికి మాత్రం తెలియదు. మాయాబజార్‌లో లక్ష్మణకుమారుడు కూర్చున్న చోటే ఇక్కడ బాలు నిలబడ్డాడు, తెలియనివాడి చోటు. అక్కడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం, ఇక్కడ గొంతు పూడుకుపోతుంది. రెండు సినిమాలకీ ఏర్పాటు ఒకటే. తెలియకపోవడం వల్ల నష్టపోయేవాడు మనకి ఇష్టుడా కాడా అన్న ఒక్క తేడాతో హాస్యం విషాదమైపోయింది. మీ ఆఫీసులో సినిమాకి కామెడీ, డ్రామా, థ్రిల్లర్ అని చీటీలు అంటిస్తారన్నావు కదా, ఆ చీటీ అంటించే ముందు ఈ ప్రశ్న వేసుకో.

ఇక దృశ్యం. నీకు బాగా ఇష్టమైన సినిమా కదా, అందుకే నీ కథాసారం చదివి కొంచెం నిరాశపడ్డాను. 2013లో జీతు జోసెఫ్ మలయాళంలో తీశాడు, మరుసటేడు మన వెంకటేష్ చేశాడు. కన్నడం, తమిళం, హిందీ, సింహళం దాటి చైనా దాకా పోయింది ఆ కథ. నువ్వేమో 'ఒక సామాన్యుడి కుటుంబం అనుకోని చిక్కుల్లో పడుతుంది' అని రాశావు. సామాన్యుడేంటమ్మా? అతను కేబుల్ టీవీ నడిపేవాడు. పెద్దగా చదువుకోలేదు. రాత్రంతా ఆఫీసులో కూర్చుని వచ్చిన సినిమా వచ్చినట్టు చూస్తాడు, లోకజ్ఞానమంతా అక్కడినుంచే. ఇంట్లో హత్య జరిగిపోయాక పోలీసుల మీదికి అతను తీసిన ఆయుధం కూడా అదే, చూసిన సినిమాల కథలు. ఒక రోజు ప్రయాణాన్ని ఇంకో రోజు చేసినట్టుగా బస్సు కండక్టరు చేత, హోటలువాడి చేత, సినిమాహాల్లో ఆపరేటరు చేత నమ్మించాడు. వాళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు, గమనించావా? నిజమనుకునే చెబుతున్నారు. అబద్ధమాడే సాక్షిని విరవగలిగిన పోలీసులు నమ్మిన సాక్షిని ఏం చెయ్యగలరు?

ఈ సినిమాలో ఎవరు చంపారో మనకు మొదటి సగంలోనే చూపించేశారు. కాబట్టి రహస్యం అది కాదు. సాక్ష్యాలు ఎలా అల్లాడో కూడా మనకు మెల్లమెల్లగా తెలిసిపోతుంది. అయినా మన దగ్గర ఒక్కటి దాచాడు. శవం ఎక్కడుందో భార్యకి చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు, మనకీ చెప్పలేదు. రెండున్నర గంటలు వాడితో పాటు కూర్చుని, వాడి గుట్టంతా మనదే అనుకున్న మనల్ని కూడా చివరి నిమిషం దాకా నమ్మలేదు! అందుకని నువ్వు దాచాల్సింది ఆ ఒక్కటే. హత్య చెప్పు, సినిమాల పిచ్చి చెప్పు. 'సినిమాలు తప్ప చదువు లేని ఒక కేబుల్ ఆపరేటరు, ఇంట్లో జరిగిన హత్య నుంచి పెళ్లాం పిల్లల్ని కాపాడుకోవడానికి ఆ సినిమాల్నే వాడుకుంటాడు.' ఇలా రాస్తే ఇంకో సినిమాకి అతకదు.

అన్నిటికీ ఇంత ధైర్యం పనికిరాదు. హిచ్‌కాక్ సైకో, 1960ది, చూశావో లేదో. ఒకమ్మాయి ఆఫీసు డబ్బు నలభై వేల డాలర్లు పట్టుకుని పారిపోతుంది, దారిలో ఒక మోటెల్లో బస చేస్తుంది. మోటెల్ దగ్గర ఆగిపో. ఒక్క మాట కూడా ఎక్కువ రాయకు. సగం సినిమా దాకా అది డబ్బు కథ అనుకుని చూడాలి మనం. ఆయన ఆలస్యంగా వచ్చినవాళ్లని హాల్లోకి రానివ్వొద్దని థియేటర్ల వాళ్లకి షరతు పెట్టాడు మరి.

అమెరికా టీవీలో కొలంబో అని ఒకటి ఉండేది. 1968లో మొదటి కథ, 1971 నుంచి వరసగా. నలిగిన రెయిన్‌కోటు వేసుకుని, అమాయకుడిలా తల గోక్కునే డిటెక్టివు. హత్య, హంతకుడు మొదటి అంకంలోనే. ఇక మిగిలిన గంటా ఇతను ఎక్కడ పట్టుకుంటాడన్నదే తమాషా. మనకు దూరదర్శన్‌లో క్యారెట్ నములుతూ కరంచంద్ వచ్చేవాడు, 1985 ప్రాంతంలో. ఇద్దరూ డిటెక్టివులే. కరంచంద్ కథకి హంతకుడి పేరు రాస్తే తన్నాలి. కొలంబోకి రాయకపోతే తన్నాలి.

సీరియళ్లకి కూడా రాయమంటున్నారని బాధపడ్డావు. మీ పెద్దమ్మ దగ్గర కూర్చుంటే నీకు కావలసినంత శిక్షణ దొరుకుతుంది. కార్తీకదీపం 2017లో మొదలై 2023 దాకా నడిచింది. పెళ్లాం కడుపులో బిడ్డ తనది కాదని నమ్మిన డాక్టరు, అది అబద్ధమని తెలిసిన తెలుగు రాష్ట్రాలు రెండూ. ఇంకో మాట అక్కర్లేదు కథాసారానికి. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవయ్యా అని జనం ఎన్ని జోకులేసుకున్నా ఆ డాక్టరు పెళ్లాం వంటలక్క కోసం రోజూ ఏడున్నరకల్లా టీవీ ముందు కూర్చున్నవాళ్లలో మనింటివాళ్లూ ఉన్నారు. నాకు నచ్చని సంగతి ఒకటే. మాయాబజార్‌లో నిజం బయటపడకపోవడానికి మాయ కారణం. దృశ్యంలో ఒక మనిషి తెలివి కారణం. డైలీ సీరియల్లో మాత్రం ఎవరో నిజం చెప్పబోయేసరికి ఫోను మోగుతుంది, లేదా చెప్పాల్సిన మనిషి కళ్లు తిరిగి పడిపోతుంది. పాత్రకి తెలియకపోవడానికి కథలో కారణం ఉండాలి, చానెల్ అవసరం కారణం కాకూడదు. అయినా ఆ మాట ఈ ఇంట్లో గట్టిగా అనే ధైర్యం నాకు లేదు.

బాహుబలి గురించి కూడా రాశావు. 2015లో కట్టప్ప బాహుబలికి కత్తి దించిన చోట సినిమా ఆపి, ఎందుకో చెప్పడానికి రెండేళ్లు తీసుకున్నారు. పాటల పుస్తకం రాసిన అనామకుడు బతికి ఉంటే చప్పట్లు కొట్టేవాడు.

నేను చెప్పిన లెక్కకి లొంగని సినిమా కూడా ఒకటి ఉంది, అది నీకు ఒప్పజెబుతున్నా. కురొసావా రషోమాన్, 1950. వాన తప్పించుకోవడానికి పాడుబడ్డ నగరద్వారం కింద చేరిన కట్టెలు కొట్టేవాడూ, బౌద్ధ సన్యాసీ ఒక హత్య సంగతి చెప్పుకుంటారు. దొంగ ఒకలా చెప్పాడు, చచ్చినవాడి భార్య ఇంకోలా చెప్పింది, చచ్చినవాడే సోదె చెప్పే మనిషి మీదికొచ్చి మరోలా చెప్పాడు. కట్టెలు కొట్టేవాడు తను కళ్లారా చూశానంటాడు, వాడిదీ పూర్తిగా నమ్మలేం. ఎవరికి తెలుసు అంటే ఎవరి పేరూ రాయలేం. చూసి, రెండు వాక్యాల్లో రాసి పంపు. 'ఒకే సంఘటనకు నాలుగు కోణాలు' అని మాత్రం రాయకు, అది అందరూ రాసేదే. నేనూ ఒకటి రాసి పెట్టుకున్నాను, నీది వచ్చాక పంపుతా.

సంక్రాంతికి సెలవు దొరుకుతుందో లేదో మీ పెద్దమ్మ కనుక్కోమంది. అరిసెల పిండి పట్టించేలోపు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న