మస్టర్‌లో ఉండిపోయిన ఏళ్లు

1984లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల మీద ఎన్ఎంఆర్ కూలీగా చేరాను. గుర్రపుడెక్క లాగడం, గట్టు జారినచోట ఇసుక బస్తాలు వేయడం, వానాకాలం రాత్రుళ్లు గండి పడకుండా కాపలా తిరగడం మా పని. కాలువ కాపలా చూసే లష్కర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు అదే గట్టు మీద అవుట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న కుర్రాళ్లు కనపడితే చెప్పే మాటలు ఇవి.

1. పనిచేసిన రోజుకు కాగితం ఉండాలి.

ఎన్ఎంఆర్ అంటే నామినల్ మస్టర్ రోల్. మేస్త్రీ హాజరు వేసేవాడు, మేం వేలిముద్ర వేసి కూలి డబ్బు తీసుకునేవాళ్లం. మస్టర్ ఆఫీసుకు పోయేది, మా చేతిలో ఏమీ మిగిలేది కాదు. 1994 ఏప్రిల్ 22న 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి వరసగా ఐదేళ్లు పనిచేసినవాళ్లను, ఖాళీలనూ మిగతా షరతులనూ బట్టి పర్మినెంటు చేస్తామన్నారు. ఆ ఐదేళ్లు రుజువు చేయాల్సిన భారం మా మీదే పడింది. పాత మస్టర్లు చెదలు తినేశాయని ఆఫీసులో చెప్పారు. ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు గారు ఏటా రాసిచ్చిన సర్టిఫికెట్లను మా అమ్మ ట్రంకుపెట్టెలో దాచింది. వాటితోనే 1996లో పర్మినెంటయ్యాను. మా గ్యాంగులోనే, నాకన్నా ఏడాది ముందు చేరిన ఒకాయన ఉన్నాడు. కాగితం లేక ఆయన ఫైలు ఆగిపోయింది.

2. మనకు తారీఖే పెన్షన్.

కాగితం లేక ఫైలు ఆగిన ఆయన తిరగని టేబుల్ లేదు. ఒక సంతకం ఉంటే ఇంకొకటి ఉండేది కాదు. ఆఫీసరు మారితే ఫైలు మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి కోర్టుకు వెళ్లి 2005లో ఆర్డరు తెచ్చుకున్నాడు. ఆ రోజు గ్యాంగంతా మిఠాయి తిన్నాం. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలోకి వచ్చినవాళ్లకు పాత పెన్షన్ లేదనీ, సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము) వర్తిస్తుందనీ మాలో ఎవరికీ తట్టలేదు. 1983 నుంచి అదే కాలువ మీద ఉన్న మనిషి, ప్రభుత్వం లెక్కలో నిన్న చేరిన కొత్త ఉద్యోగి అయ్యాడు.

నాకూ ఆయనకూ పనిలో తేడా లేదు. తేడా అంతా ఫైలు ఆగిన తొమ్మిదేళ్లలో ఉంది. పాత పద్ధతిలో పదేళ్ల సర్వీసుంటే పెన్షన్, ముప్పై మూడేళ్లుంటే పూర్తి పెన్షన్. 1996కు ముందు నేను మస్టర్ మీద చేసిన పన్నెండేళ్లు నాకూ లెక్కకు రాలేదు. అయినా నెలనెలా ఎంతో కొంత చేతికొస్తోంది. ఆయనకు మాత్రం సీపీఎస్ కింద జీతంలో పది శాతం కోసి, ప్రభుత్వం అంతే కలపాలి. ఆ పెన్షన్ ఖాతాకు ప్రాన్ నంబరు రావడానికే రెండేళ్లు పట్టింది. 2013లో రిటైరయ్యేసరికి ఎనిమిదేళ్ల సొమ్ము నెలవారీ పెన్షన్ కొనేంత కూడా కాలేదు. మొత్తం ఒకేసారి ఇచ్చి పంపించారు. కూతురి పెళ్లి అప్పుకే అది సరిపోయింది.

3. ‘కమిటీ వేశాం’ అంటే, ఏ తేదీ నుంచి అమలు అని అడగండి.

పర్మినెంటు చేసే స్కీము ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లే మీటింగుల్లో ఎక్కువ. మేమూ అదే అడిగి పొరపాటు చేశాం. ఆలస్యమైతే కుర్చీలో కూర్చున్నవాళ్ల జీతం తగ్గదు. మోకాళ్లు అరిగి, నడుము వంగిన కూలీకి మాత్రం ఒక్క ఏడాది పోయినా మళ్లీ రాదు. ఆలస్యం ప్రభుత్వానిది కాబట్టి, చేరిన రోజు నుంచి సర్వీసు కట్టాలని మొదటి వినతిపత్రంలోనే రాయండి.

4. ఇది దయ కాదని గుర్తుపెట్టుకోండి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని తేల్చింది. అందుకే ఏటా ఆ రోజు పెన్షనర్ల దినం జరుపుకుంటాం. 2019లో ప్రేమ్‌సింగ్ కేసులో అదే కోర్టు, ఉత్తరప్రదేశ్ వర్క్‌ఛార్జ్‌డ్ ఉద్యోగుల పాత సర్వీసును పెన్షన్‌కు కలపాలంది. అది మస్టర్ కూలీలకు నేరుగా వర్తిస్తుందని నేననను. కానీ ఏళ్ల తరబడి పని చేయించుకుని ఆ ఏళ్లను లెక్కలోంచి తీసేయడం అన్యాయమని చెప్పడానికి ఆ తీర్పు బలం.

5. ఏజెన్సీ మారినప్పుడల్లా పీఎఫ్ తీసేయకండి.

ఇది కుర్రాళ్లకు ముఖ్యం. మీకున్నది ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం. దానిలోనూ పదేళ్లు నిండితేనే పెన్షన్. మధ్యలో 10సీ ఫారం పెట్టి పెన్షన్ డబ్బు తీసుకుంటే ఆ ఏళ్లు పోయినట్టే. ఏజెన్సీ మారినా మీ పీఎఫ్ నంబరు, యూఏఎన్, ఒక్కటే ఉండేట్టు చూసుకోండి. 2014 నుంచి ఈపీఎస్‌లో కనీస పెన్షన్ వెయ్యి రూపాయలే. ఆ మొత్తం పెంచమని అడగాల్సిందే, అయితే ముందు పదేళ్లు చేజార్చుకోకండి.

6. ఇంట్లో ఆడవాళ్లకు అన్నీ చెప్పండి.

సర్వీసు రిజిస్టరులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో భార్య పేరు ఒకేలా ఉండాలి. నామినేషన్ ఎక్కడుందో ఆమెకు తెలియాలి. మా గ్యాంగు ఆయన పోయి మూడేళ్లయింది. వదిన కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. రావాల్సింది ఏమీ లేదన్నారు. ఆమెకు ఇప్పుడు ఒకటో తారీఖున వచ్చేది ఎన్టీఆర్ భరోసా వితంతు పెన్షన్, నాలుగు వేలు. కాలువ మీద ఆయన చేసిన ముప్పై ఏళ్లకు నెలకు ఒక్క రూపాయి రావడం లేదు.