అత్తమ్మ మోకాలు

నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక అత్త, ఒక కోడలు. ఇద్దరూ పత్తి ఏరే కూలీలు.

అత్తకు మోకాలు నొప్పి పట్టింది. కూర్చుంటే లేవరాదు. లేస్తే నడవరాదు. కూలి పోయింది.

"ఆపరేషన్ చెయ్యాల్నంటరు. మేకలు అమ్ముదాం" అన్నది అత్త.

"ఆగు అత్తమ్మా! ముందుగాల దవాఖానల చూపిద్దాం" అన్నది కోడలు.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కీలు కొంచెం అరిగింది. "ఇప్పుడే ఆపరేషన్ వద్దు" అని ఫిజియోథెరపీకి పంపాడు. అంటే వ్యాయామంతో చేసే వైద్యం.

మోకాలికి బలం తొడ కండరం. నొప్పి అని కదలకుంటే ఆ కండరం సన్నబడుతుంది. బరువంతా కీలు మీద పడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది.

అక్కడి మేడమ్ ఒక పని నేర్పింది. కాళ్లు చాపి కూర్చోవాలి. తువాల చుట్టి మోకాలి కింద పెట్టాలి. మోకాలితో దాన్ని కిందికి అదమాలి. 5 లెక్కపెట్టి వదలాలి. పొద్దున 10 సార్లు, మాపటికి 10 సార్లు.

"గింతేనా? సూది లేదా?" అన్నది అత్త. వారం చేసి మానేసింది. కోడలు ఊరుకోలేదు. చేసిన రోజల్లా గోడ మీద బొగ్గుతో తేదీ రాసింది. గోడ నిండుతుంటే అత్తకూ పట్టుదల వచ్చింది.

రెండు నెలలకు అత్త చేనుకు నడిచిపోయింది. మెట్లు దిగితే నొప్పి ఇంకా ఉంది. మేకలు మాత్రం దొడ్డిలోనే ఉన్నాయి.

కీలు బాగా అరిగితే ఆపరేషన్ కావలసి రావచ్చు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగినవారి సంగతి వేరు. కిందపడి కాలు మోపలేకపోతే వ్యాయామం చేయరాదు. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా అంతే. వెంటనే డాక్టరుకు చూపించాలి.