ప్రొజెక్టర్ గది ఖర్చు - ఒక పరిశీలన

సినిమా చూచువారందరి చూపు తెర మీదనే ఉంటుంది. తలల మీదుగా పోయే వెలుగు ఎక్కడ పుట్టుచున్నదో వెనుదిరిగి చూచేవారు అరుదు. హాలు వెనుక గోడలో, బాల్కనీకి పైభాగమున, రెండు మూడు చిన్న కిటికీలు గల గది ఒకటి ఉంటుంది. దానినే ప్రొజెక్టర్ గది అంటారు. టిక్కెట్ల ధరలను గురించి, తారల పారితోషికములను గురించి మనము ఎంతగానో చర్చించుకొంటాము. కాని ఈ గదిని సమకూర్చుటకు ఎంత ఖర్చగును, ఆ ఖర్చును ఎవరు భరింతురు అన్న ప్రశ్న వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు సైతము తోచదు. ఈ వ్యాసమున ఆ ప్రశ్నను పరిశీలింప దలచినాము.

మొదట ఫిల్ము కాలపు గదిని చూతము. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషమునకు 90 అడుగుల వేగముతో యంత్రము గుండా నడిచేది. రెండున్నర గంటల చిత్రమునకు 13,500 అడుగులు, అనగా నాలుగు కిలోమీటర్లకు పైగా ఫిల్ము కావలెను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషములలో అయిపోవును. ఆట ఆగకుండుటకు గదిలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదానిలో రీలు ముగియవచ్చినప్పుడు తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క మెరిసేది. అది చూచి ఆపరేటరు రెండవ యంత్రమును నడిపించేవాడు.

వెలుగు కొరకు పూర్వము కార్బన్ కడ్డీలను వాడేవారు. రెండు కడ్డీల కొనల నడుమ విద్యుత్తు మండి తీవ్రమైన కాంతి పుట్టేది. కడ్డీలు అరిగిన కొలదీ వాటిని దగ్గరకు జరుపుచుండవలెను. వాటికి ఏకముఖ విద్యుత్తును ఇచ్చుటకు రెక్టిఫయరు, పొగ పోవుటకు గొట్టము, ధ్వనికి యాంప్లిఫయరు, రీళ్లు చుట్టుటకు బల్ల, ఇవన్నియు ఆ గది సామగ్రియే. తొలినాళ్ల నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలిన క్షణములో భగ్గుమనేది. కనుకనే గదికి మంటలకు తట్టుకొనే గోడలు, కిటికీలకు ఇనుప మూతలు తప్పనిసరి అయినవి. యంత్రము కొనుటకు ముందే ఆ గోడల ఖర్చు మొదలగునన్నమాట. తరువాత కార్బన్ స్థానములో జినాన్ దీపము వచ్చినది. జినాన్ దీపము వాటేజీని బట్టి కొన్ని వందల గంటలు మొదలు రెండు వేల గంటల వరకు పనిచేయును. వెయ్యి గంటల దీపమును దినమునకు పది గంటలు వెలిగించినచో నూరు దినములకు మార్చవలెను. అనగా ఏటికి మూడు నాలుగు దీపములు.

ఇచ్చట ఒక సంగతి గమనింప దగినది. తెర వెడల్పును 20 అడుగుల నుండి 40 అడుగులకు పెంచినచో, ఎత్తు కూడ ఆ నిష్పత్తిలోనే పెరుగును గనుక, వైశాల్యము రెండింతలు కాదు, నాలుగింతలగును. అదే ప్రకాశము రావలెనన్న వెలుగు కూడ నాలుగింతలు కావలెను. పెద్ద తెర అన్న గొప్ప వెనుక కరెంటు బిల్లు, దీపముల ఖర్చు దాగి ఉన్నవి. ఖర్చు తగ్గించుకొన దలచి దీపమును మందముగా వెలిగించినచో చిత్రము మసకబారును. ప్రేక్షకుడు ఛాయాగ్రాహకుని నిందించును.

ఇక డిజిటల్ విధానమునకు వత్తము. హాలీవుడ్ నిర్మాణ సంస్థలు ఏడు కలిసి 2002లో ఒక సంఘముగా ఏర్పడి, 2005లో డిజిటల్ ప్రదర్శనకు సాంకేతిక ప్రమాణములను ప్రకటించినవి. ఫిల్ము పోయి హార్డ్ డిస్కు వచ్చినది. రెండు యంత్రములకు బదులు ఒక ప్రొజెక్టరు, ఒక సర్వరు, చల్లదనమునకు ఏసీ, విద్యుత్తు ఆగినచో ఆదుకొనుటకు యు.పి.యస్. ఉన్న చాలును. ఆ ప్రమాణములకు తగిన సామగ్రికి 2010 ప్రాంతమున అమెరికాలో ఒక్కొక్క తెరకు 70 వేల నుండి లక్ష డాలర్ల వరకు అయ్యేది. మన దేశములో ఆ ప్రమాణమునకు తక్కువైన చౌక సామగ్రి కూడ చిన్న ఊళ్ల హాళ్లలో ప్రవేశించినది.

ఈ మార్పు వలన లాభపడినది ఎవరు? ఫిల్ము ప్రింటు ఖర్చు నిర్మాత, పంపిణీదారులది. 2000వ దశకములో ఒక్కొక్క ప్రింటుకు సుమారు 50, 60 వేల రూపాయలయ్యేది. నూరు ప్రింట్లనగా అరలక్షలు దాటి అర కోటి మాట. డిజిటల్ రాకతో ఆ ఖర్చు అధిక భాగము తప్పినది. గది ఖర్చు మాత్రము హాలు యజమానిపై పడినది. ఆదా ఒకరిది, పెట్టుబడి మరొకరిది. ఈ చిక్కును విప్పుటకే ప్రింటుకు బదులుగా నిర్మాత చెల్లించు రుసుము, ఆంగ్లమున వర్చువల్ ప్రింట్ ఫీజు అనునది, ఏర్పడినది. మన దేశమున చాలచోట్ల సేవా సంస్థలే యంత్రమును హాలులో అమర్చి, నిర్మాతల నుండి రుసుమును, తెరపై ప్రకటనల ఆదాయమును తీసుకొన్నవి. ఈ రుసుము ఎంత, ఎంతకాలము అన్న వివాదమున 2018 మార్చి మొదటి వారములో దక్షిణాది నిర్మాతలు చిత్రముల విడుదలను నిలిపివేయగా తెలుగు రాష్ట్రములలో సైతము హాళ్లు మూతపడినవి.

యంత్రము ఖర్చు ఎంత బరువో ఒక ఊహాజనితమైన లెక్క ద్వారా చూతము. పాత యంత్రముల జత 12 లక్షలనియు, ముప్పది ఏండ్లు నడుచుననియు అనుకొందము. ఏటికి 40 వేలు. దినమునకు నాలుగు ఆటల చొప్పున ఏటికి 1,460 ఆటలు. ఆటకు 27 రూపాయలు. డిజిటల్ సామగ్రి 40 లక్షలనియు, పదేండ్లకే మార్చవలసి వచ్చుననియు అనుకొందము. ఏటికి 4 లక్షలు, ఆటకు 274 రూపాయలు. ధర మూడింతలకు పైచిలుకు మాత్రమే అయినను, ఆయుర్దాయము తగ్గుట చేత ఆటకు పడు ఖర్చు పదింతలైనది. ఆటకు 300 మంది వచ్చినచో ఒక్కొక్కరిపై 91 పైసలు. 30 మందే వచ్చినచో 9 రూపాయలు. వడ్డీ, మరమ్మతులు దీనిలో చేర్చలేదు. పట్టణపు హాలుకు లెక్కలోనికి రాని మొత్తము పల్లెటూరి హాలుకు ప్రాణాంతకమగుటకు కారణమిదే.

అట్లని డిజిటల్ విధానమును నిందించుట మా ఉద్దేశము కాదు. ఫిల్ము కాలమున చిన్న ఊరికి ప్రింటు వచ్చుసరికి వారములు, నెలలు గడిచేవి. నేల టిక్కెట్టు ప్రేక్షకుడు గీతలు పడిన బొమ్మను, గరగరలాడే ధ్వనిని భరించేవాడు. నేడు హైదరాబాదు ప్రేక్షకుడు చూచు దినముననే మారుమూల మండల కేంద్రములోని ప్రేక్షకుడు సైతము అదే చిత్రమును మచ్చ లేకుండ చూచుచున్నాడు. ఇది చిన్న మేలు కాదు.

అయితే మరొక కోణము గలదు. ఆమధ్య మా విద్యార్థులను వెంటబెట్టుకొని ఊరిలోని ఒక హాలు ప్రొజెక్టర్ గదిని చూడ వెళ్లితిమి. అక్కడి వృద్ధ ఆపరేటరు మూలనున్న పాత యంత్రముపై దుప్పటి తొలగించి, ఫిల్మును క్షణక్షణము ఆపి నడిపించే మాల్టీస్ క్రాస్ చక్రమును వేలితో తిప్పి చూపినారు. నలుబది ఏండ్ల నాటి చక్రము తడబాటు లేకుండ తిరిగినది.

“ఇది చెడిపోతే నేనే బాగుచేసుకునేవాణ్ణి సార్. ఇప్పుడు ఫోన్ చేసి కూర్చోవాలి,” అన్నారాయన.

కొత్త యంత్రములో చిత్రము రహస్య సంకేతములతో బంధింపబడి వచ్చును. దానిని తెరచు తాళము వేరుగా పంపబడును. ఆ తాళము ఆ ఒక్క సర్వరుకే, నిర్ణీత దినముల మధ్యనే పనిచేయును. దొంగ కాపీల నివారణకు ఇది అవసరమే. కాని గది తాళము యజమాని జేబులో ఉన్నను, బొమ్మ తాళము ఆయన చేతిలో లేదు. యంత్రము సైతము అద్దెదైనచో, ఒప్పందములోని షరతులు ఆయన చేతులను మరింత కట్టివేయును. ఇట్టి అద్దె ఒప్పందములలోని కొన్ని షరతులు పోటీకి విరుద్ధమని భారత పోటీ కమిషన్ 2025లో తీర్పు చెప్పి జరిమానా విధించినది.

మొదట మేమడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. గది ఖర్చు ధరల పట్టికలోని అంకె మాత్రమే కాదు. యంత్రము ఎంతకాలము మన్నును, దీపము ఎన్ని గంటలు వెలుగును, చెడిన ఎవరు బాగుచేతురు, కుర్చీలు ఎన్ని నిండును, ఒప్పందము ఎవరిని కట్టివేయును, ఇవన్నియు కలిసినదే నిజమైన ఖర్చు. పెట్టుబడి లేక యంత్రమును అద్దెకు తీసుకొన్న యజమాని సొమ్మును ఆదా చేసుకొన్నాడు గాని, తన తెరపై తన మాట చెల్లు అవకాశమును కొంత వదులుకొన్నాడు. ఆపరేటరు శ్రమ తగ్గినది, దానితోపాటు అతని విద్యకు విలువయు తగ్గినది. ఈ రెండు పద్దులు ఏ జమాఖర్చు పుస్తకములోను కనబడవు.

మా విద్యార్థులలో రేపు అచ్చు యంత్రమునో, నూనె మిల్లునో, ఆస్పత్రికి స్కానింగ్ యంత్రమునో కొనువారు ఉందురు. ధర అడుగుటతో ఆగక, పైన చెప్పిన ప్రశ్నలన్నియు అడిగి, ఒప్పందమును తుదివరకు చదివి, ఆ తరువాతనే సంతకము చేయవలెనని మా సూచన.