ఫలితం వచ్చేవరకు: పరీక్షల కోసం ఎదురుచూసే దినాలలో నెమ్మది

ధ్యానించవలసిన భాగాలు: కీర్తన 13, మార్కు 5:25–34, ఫిలిప్పీ 4:4–9



మన సహవాసంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల గురించి ధైర్యంగా చెబుతాం. మలంలో రక్తం కనిపిస్తోందనీ, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారిపోయిందనీ మాత్రం చెప్పలేం. సిగ్గు అడ్డు వస్తుంది. "ఆరోగ్యం కోసం ప్రార్థించండి" అని ఒక్క మాట చెప్పి కూర్చుంటాం. ఇంటికి వెళ్ళాక రాత్రి రెండు గంటలకు దుప్పటి కింద ఫోను పట్టుకుని లక్షణాలు వెదుకుతాం. పక్కన భర్తో భార్యో నిద్రపోతూ ఉంటారు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఏమీ తెలియదు.

ఈ పాఠం అలాంటి రాత్రులు గడుపుతున్నవారి కోసం. నేను వైద్యుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంగ్లండ్‌లో ఇలాంటి పరీక్షల కోసం కొన్ని వారాలు ఎదురుచూసినవాణ్ణి. నాకు ఏ ఫలితం వచ్చిందో మాత్రం ఇక్కడ రాయడం లేదు. "ఆయనకు ఏమీ లేదట, కాబట్టి నాకూ ఉండదు" అనే పోలిక ఒక్క పూటకు మించి నెమ్మది ఇవ్వదు. ఫలితం తెలియని దినాలలో దేవుని బిడ్డ ఎలా బ్రతకాలి అన్నదే మన అంశం.

1. దాచుకున్న బాధను బయటపెట్టడం

మార్కు 5లోని స్త్రీ పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడింది. ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగి ఆస్తి అంతా ఖర్చు చేసింది. చివరికి జనం మధ్యలో, వెనుకనుంచి, ఎవరికీ తెలియకుండా వచ్చింది. స్వస్థత దొరికాక అలాగే వెళ్ళిపోవాలనుకుంది. ప్రభువు ఆగి ఆమెను ముందుకు పిలిచాడు. ఆమె భయపడుతూ వణుకుతూ జరిగినదంతా చెప్పింది. ఆయన గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. ఆ శరీర బాధలో ఆయన ముందు సిగ్గుపడవలసినదేదీ లేదు.

ఆయన ముందు లేని సిగ్గు జీపీ ముందు ఎందుకు? అపాయింట్‌మెంట్‌కు ముందు ఒక కాగితం మీద రాసుకోండి. రక్తం ఎప్పటినుంచి కనిపిస్తోంది, ఏ రంగులో ఉంది, బరువు తగ్గారా, అలసట ఉందా, కడుపు నొప్పి ఉందా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా. మాట పెగలకపోతే ఆ కాగితాన్నే డాక్టరు చేతికి ఇవ్వండి. సహోదరీలు లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు. మన దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవారికి ఇంగ్లీషు రాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయమని ముందుగానే కోరవచ్చు. కొడుకు ఎదుట, కోడలి ఎదుట చెప్పలేని మాటలు పెద్దవారికి ఉంటాయి.

2. పరీక్షలు ఎలా జరుగుతాయి

తెలియనిదాన్ని ఊహతో నింపుకోకుండా ఉండడానికి ఇంగ్లండ్‌లో జరిగే తీరు క్లుప్తంగా చెబుతాను. జీపీ సాధారణంగా రక్త పరీక్షతో పాటు ఫిట్ టెస్ట్ ఇస్తారు. చిన్న పుల్లతో కొద్దిగా మలాన్ని తీసి గొట్టంలో పెట్టి పంపుతాం. కంటికి కనిపించని రక్తాన్ని అది కొలుస్తుంది. గ్రాము మలానికి 10 మైక్రోగ్రాములు లేక అంతకు మించి ఉంటే, పెద్దాసుపత్రిలో త్వరగా చూడడానికి పంపుతారు. అక్కడ చాలామందికి కొలనోస్కోపీ, అంటే సన్నని గొట్టపు కెమెరాతో పెద్ద పేగును లోపల చూసే పరీక్ష, చేస్తారు. అలా పంపిన రోజునుంచి 28 రోజుల్లోగా క్యాన్సర్ ఉందో లేదో రోగికి చెప్పాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ పెట్టుకున్న లక్ష్యం. అందరి విషయంలో ఆ గడువు నెరవేరదు. రెండు వారాలైనా కబురు రాకపోతే జీపీ ఆఫీసుకు ఫోను చేసి అడగండి. అది వారిని ఇబ్బంది పెట్టడం కాదు.

క్యాన్సర్ అనుమానంతో అన్న మాట ఆ ఉత్తరంలో చూడగానే గుండె జారిపోతుంది. అయితే అలా పంపబడిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా క్యాన్సర్ లేదని తేలుతుంది. మొలలు, చీలికలు, ఇన్‌ఫెక్షన్, ఐబీఎస్, పేగు వాపు జబ్బులు, ఇవి కూడా ఈ లక్షణాల్లో కొన్నిటిని చూపగలవు. మా ఉద్యోగంలో అలర్ట్ మోగగానే సర్వర్ పోయిందని ఎవరూ అనుకోరు. ఒకరు వెళ్ళి చూడాలి అని మాత్రమే దాని అర్థం. అలాగని అలర్ట్‌ను ఆపేసి పడుకోవడం కూడా కుదరదు. కాబట్టి భయంతో ఫిట్ కిట్‌ను డ్రాయరులో దాచినవారుంటే ఈ రోజే పంపండి. క్యాన్సర్ అయినా తొలి దశలో దొరికితే చికిత్స బాగా పనిచేస్తుంది. కొలనోస్కోపీలో పాలిప్ అనే చిన్న కణితి కనిపిస్తే, తర్వాత క్యాన్సర్‌గా మారకుండా తరచూ అప్పుడే తీసేస్తారు. ఫిట్ ఫలితం తక్కువగా వచ్చినా లక్షణాలు ఆగకపోతే మళ్ళీ జీపీ దగ్గరకు వెళ్ళాలి.

వీసా మీద ఉన్నవారికి ఇంకొక భయం ఉంటుంది. హెల్త్ సర్‌ఛార్జ్ చెల్లించి వచ్చినవారికి ఈ ఆసుపత్రి పరీక్షలకు వేరే బిల్లు రాదు. కొందరు హైదరాబాదు వెళ్ళి చేయించుకుందాం అనుకుంటారు. అందులో తప్పు లేదు. కానీ ఆ సంగతి జీపీకి చెప్పండి, రిపోర్టులు తెచ్చి ఇవ్వండి, ఇక్కడి అపాయింట్‌మెంట్‌ను ఊరకే వదిలేయకండి.

రక్తం ఆగకుండా పోతున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, టాయిలెట్ నీళ్ళు ఎర్రబడేంతగా వస్తున్నా ఎదురుచూడకూడదు. 999కు ఫోను చేయాలి లేదా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మలం తారులా నల్లగా లేక ముదురు ఎరుపుగా ఉంటే, రక్త విరేచనాలు అవుతుంటే వెంటనే 111కు ఫోను చేసి అడగాలి.

3. ఎదురుచూపులో మనసు చేసే పని

పరీక్ష హాలులోకి వెళ్ళేముందు కడుపులో తిప్పడం మనందరికీ తెలుసు. మెదడుకూ పేగుకూ అంత దగ్గరి సంబంధం ఉంది. దిగులు పెరిగితే పేగు కదలిక మారుతుంది. ఆ మార్పును చూసి దిగులు ఇంకా పెరుగుతుంది. లక్షణాలన్నీ దిగులువల్లే అని దీని అర్థం కాదు. అందుకే పరీక్ష చేయించాలి. కానీ ఈ రోజు కడుపు నిన్నటికంటే ఎక్కువ తిప్పిందంటే జబ్బు ముదిరిందని అర్థం కాదు.

దిగులుకు కొన్ని అలవాట్లు ఉన్నాయి. మాటిమాటికీ పొట్ట నొక్కి చూసుకోవడం, రోజూ బరువు తూచుకోవడం, గూగుల్‌లో వెదకడం, ఇంట్లోవారిని "నాకేమీ కాదు కదా" అని పదేపదే అడగడం. ప్రతిసారీ కొద్ది నిమిషాలు ఊరట దొరుకుతుంది, తర్వాత అనుమానం తిరిగి వస్తుంది. ఒక సర్వర్‌ను ప్రతి సెకనూ బాగున్నావా అని అడుగుతూ ఉంటే, ఆ అడగడమే దానికి భారమవుతుంది. మన శరీరాన్నీ మనం అలాగే అడుగుతున్నాం. పేగు లోపల ఏముందో గూగుల్‌కు తెలియదు. కెమెరా చూసేదాకా ఆ జవాబు మనుషులెవరి దగ్గరా లేదు.

4. దిగులు భక్తి రూపంలో వచ్చినప్పుడు

ఇది మనం నిదానంగా ఆలోచించవలసిన విషయం. లోకస్థులు గూగుల్‌లో చేసేదాన్ని మనం కొన్నిసార్లు బైబిలుతో చేస్తాం. వాగ్దాన కార్డు తీస్తాం. స్వస్థత మాట వస్తే ఊపిరి పీల్చుకుంటాం. వేరే మాట వస్తే ఇంకొకటి తీస్తాం. ఒక పాస్టరుగారు "నీకేమీ లేదు" అన్నారు. రెండు రోజులకు ధైర్యం జారిపోగానే మరొక దైవజనునికి వాట్సాప్ చేస్తాం. ఈ చర్యలో ప్రార్థన ఉంది గానీ, మనం వెదుకుతున్నది దేవుణ్ణి కాదు, రిపోర్టును ముందుగా తెలుసుకోవడాన్ని.

ఫిలిప్పీ 4:6–7 జాగ్రత్తగా చదవండి. చింతపడకుండా ప్రతి విషయంలోనూ కృతజ్ఞతతో మన విన్నపాలు దేవునికి తెలియజేయమని పౌలు చెబుతున్నాడు. అలా చేస్తే ఏం జరుగుతుంది? మనం కోరిన ఫలితం వస్తుందని ఆ వచనంలో లేదు. మన బుద్ధికి అందని దేవుని సమాధానం మన హృదయానికీ తలంపులకూ కావలి ఉంటుందని ఉంది. ఈ మాటలు రాసినప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. తీర్పు ఎటు పోతుందో, బ్రతుకో చావో ఆయనకే తెలియదని మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. నెమ్మది అంటే ఫలితం ముందే తెలియడం కాదు. ఫలితం ఎలా వచ్చినా మనలను పట్టుకున్న చేయి ఎవరిదో తెలియడం.

5. భయపడితే విశ్వాసం లేనట్టేనా?

"విశ్వాసం ఉంటే భయమెందుకు బ్రదర్" అని ఎవరైనా అంటే ఆ మాట భారం మీద భారం అవుతుంది. కీర్తన 13లో దావీదు ఇంకెన్నాళ్ళు అనే ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతాడు. ఆరు వచనాల చిన్న కీర్తన. పరిస్థితి మారిందని ఎక్కడా చెప్పకుండానే ఐదవ వచనంలో దేవుని కృపను నమ్ముకున్నానని అంటాడు. ప్రశ్నా నమ్మకమూ ఒకే ప్రార్థనలో ఉన్నాయి. గెత్సేమనేలో మన ప్రభువే దుఃఖంతో కలత చెంది, తనతో మెలకువగా ఉండమని స్నేహితులను అడిగాడు. పాపము లేనివాడే ఒంటరిగా ఉండలేనని చెప్పగలిగితే, మనం చెప్పడానికి ఎందుకు సంకోచించాలి?

హిజ్కియా సంగతి కూడా చూడండి. యెషయా 38లో ఆయన గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అదే అధ్యాయంలో అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని యెషయా చెప్పాడు. ప్రార్థనకూ వైద్యానికీ అక్కడ పోటీ లేదు.

6. ఈ వారం చేయదగినవి

మొదటిది, లెక్క రాయండి. శరీరాన్ని ఎన్నిసార్లు పరీక్షించుకున్నారో, ఎన్నిసార్లు వెదికారో, ఎన్నిసార్లు ఇంట్లోవారిని అడిగారో ఒక రోజు రాసుకుని, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించండి. ఒకేసారి మానేయడం కష్టం.

రెండవది, దిగులుకు ఒక సమయం ఇవ్వండి. సాయంత్రం ఇరవై నిమిషాలు. మధ్యలో వచ్చిన భయాన్ని చీటీ మీద రాసి ఆ సమయానికి వాయిదా వేయండి. అప్పుడు ఆ చీటీలను దేవుని ముందు పరచి ఒక్కొక్కటిగా చెప్పండి.

మూడవది, ఫోనును పడకగది బయట ఉంచండి. నిద్రరాని రాత్రి కోసం ఒక్క కీర్తనను ముందే ఎంచుకోండి. గుర్తు కోసం వెదకడానికి కాదు, నెమ్మదిగా చదువుకోవడానికి.

నాలుగవది, పనికి వెళ్ళండి, నడవండి, పిల్లల హోంవర్కు చూడండి. మత్తయి 6:34లో ప్రభువు మనకు ఇచ్చినది ఈ రోజును.

దిగులు నిద్రనూ ఉద్యోగాన్నీ మింగేస్తుంటే ఆ సంగతి జీపీకి చెప్పండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ సేవకు జీపీ ద్వారా కాకుండా మనమే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. కౌన్సెలింగ్‌కు వెళ్ళడం విశ్వాసలోపం కాదు.

7. సంఘం చేయగలిగినది

యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదే. చిక్కంతా నోరు తెరిచాక వచ్చింది. మా పెదనాన్నకూ ఇలాగే మొదలైంది అనే కథలు, వాము నీళ్ళు తాగితే పోతుంది అనే సలహాలు పక్కన పెట్టి, చేతులతో సహాయం చేద్దాం.

కొలనోస్కోపీకి ముందు ఒకటి రెండు రోజులు పీచు లేని భోజనం తినాలి. ఆ తర్వాత పేగు శుభ్రం కావడానికి మందు తాగి టాయిలెట్ దగ్గరే ఉండాలి. ఆ రోజు పిల్లలను ఎవరైనా స్కూలు నుంచి తీసుకొస్తే ఎంత మేలు! ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఏం తినవచ్చో అడిగి, దాని ప్రకారమే వండి పంపండి. ప్రేమతో పంపిన ఆకుకూర పప్పు ఆ రోజు పనికిరాదు. షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు, ఐరన్ మాత్రలు వాడేవారు ముందే ఆసుపత్రికి చెప్పాలని గుర్తు చేయండి. మత్తు ఇస్తే 24 గంటలు కారు నడపకూడదు, ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక మనిషి కావాలి. చుట్టాలు లేని ఈ దేశంలో ఆ మనిషి సంఘం నుంచే రావాలి. ఆ మనవిని ఎవరికి తెలియాలో వారికే తెలియనివ్వండి, గ్రూపులో పెట్టకండి.

ఆలోచించి మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. మీ ప్రార్థనలో దేవుణ్ణి వెదుకుతున్నారా, ముందస్తు జవాబును వెదుకుతున్నారా? తేడా మీకు ఎలా తెలుస్తుంది?
2. ఈ విషయం పూర్తిగా చెప్పగలిగిన మనిషి ఒక్కరైనా మీకు ఉన్నారా? లేకపోతే ఈ వారం ఎవరికి చెబుతారు?
3. మన సహవాసంలో ఒకరు ఇలాంటి లక్షణాల గురించి చెబితే, మన మొదటి మాట ఏమై ఉండాలి?

ప్రార్థన: తండ్రీ, ఉత్తరం కోసం తలుపువైపు చూస్తున్న నీ బిడ్డలను చూడుము. మంచి ఫలితం ఇమ్మని అడుగుతున్నాము. అలా అడగమని నీవే చెప్పావు. ఆ ఫలితం వచ్చేలోపు ఈ రాత్రికి నిద్రను, రేపటి పనికి బలమును, ఒక స్నేహితుని ఎదుట నోరు తెరిచే ధైర్యమును దయచేయుము. డాక్టర్ల చేతులను నడిపించుము. యేసుక్రీస్తు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.