ఏయూఆర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తున్నారా? ఎంటర్ కొట్టే ముందు ఈ నాలుగు చూడండి

ఆర్చ్ లినక్స్ వాడేవాళ్లకి ఏయూఆర్ గురించి చెప్పక్కర్లేదు. అఫీషియల్ రిపోలో లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా దాదాపు అక్కడ దొరికేస్తుంది. కానీ అక్కడ ఉండేది రెడీమేడ్ యాప్ కాదు, పీకేజీబిల్డ్ అనే చిన్న బ్యాష్ స్క్రిప్ట్. సోర్స్ ఎక్కడి నుంచి తేవాలి, ఎలా బిల్డ్ చేయాలి అని అందులో రాసి ఉంటుంది. దాన్ని మనలాంటి యూజర్లు ఎవరైనా పెట్టొచ్చు. అసలు రిస్క్ అదే.

బీటెక్‌లో ఉన్నప్పుడు నేనూ హెల్పర్ ఏం అడిగినా చదవకుండా ఎంటర్ కొట్టేవాడిని. 2025 జులైలో మూడు బ్రౌజర్ ప్యాకేజీల్లో కేయాస్ ర్యాట్ అనే మాల్వేర్ దొరికింది. 16న పెట్టినవాటిని 18న తీసేశారు. ఆ మధ్యలో ఇన్‌స్టాల్ చేసినవాళ్ల సంగతేంటి? అది చదివాక నా అలవాటు మార్చుకున్నాను.

ముందుగా బేస్-డెవెల్, గిట్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ప్యాకేజీని గిట్ క్లోన్ చేసి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, పీకేజీబిల్డ్‌ని ఎడిటర్‌లో ఓపెన్ చేయండి. ఇప్పుడు వరసగా చూద్దాం.

1. సోర్స్: లింకులు అసలు ప్రాజెక్టువేనా? 2025 కేసులో మాల్వేర్ వచ్చింది ఇక్కడి నుంచే. ప్యాచెస్ అనే మామూలు పేరుతో వేరే ఎవరిదో గిట్‌హబ్ రిపో పెట్టారు.

2. చెక్‌సమ్: గిట్ సోర్స్‌కి స్కిప్ అని ఉంటే మామూలే. డౌన్‌లోడ్ అయ్యే టార్ ఫైల్‌కి కూడా స్కిప్ అని ఉంటే మాత్రం అనుమానించండి. చెక్‌సమ్ రాసేది కూడా ప్యాకేజీ పెట్టినవాళ్లే. ఫైల్ మారలేదని మాత్రమే అది చెబుతుంది, మంచిదని కాదు.

3. కర్ల్, వీగెట్: డౌన్‌లోడ్‌లన్నీ సోర్స్‌లోనే ఉండాలి. ఇంకెక్కడైనా కనిపిస్తే ఆగిపోండి. 2018లో మెయింటైనర్ వదిలేసిన ఆక్రోరీడ్ ప్యాకేజీని ఒకరు తీసుకుని, ఇలాంటి కర్ల్ లైనే కలిపారు. పైగా ఫంక్షన్ల బయట ఉన్న కోడ్ మేక్‌పీకేజీ ఫైల్‌ని చదవగానే రన్ అయిపోతుంది.

4. డాట్ ఇన్‌స్టాల్ ఫైల్: చాలామంది వదిలేసేది ఇదే. మేక్‌పీకేజీని రూట్‌గా రన్ చేస్తే అది ఒప్పుకోదు. కానీ ఈ ఫైల్‌లోని ఫంక్షన్లని ఇన్‌స్టాల్ టైమ్‌లో ప్యాక్‌మ్యాన్ రూట్ పర్మిషన్‌తోనే రన్ చేస్తుంది. అంటే సిస్టమ్ మొత్తం దాని చేతిలోనే!

అన్నీ ఓకే అనిపిస్తే, సుడో లేకుండా మేక్‌పీకేజీ హైఫన్ ఎస్ఐ అని కొట్టండి. ఎస్ అంటే కావాల్సిన డిపెండెన్సీలు తెచ్చుకుంటుంది, ఐ అంటే బిల్డ్ అయ్యాక ఇన్‌స్టాల్ చేస్తుంది. నేరుగా మేక్ ఇన్‌స్టాల్ కొడితే ఫైళ్లు ఎక్కడెక్కడ పడ్డాయో ప్యాక్‌మ్యాన్‌కి తెలీదు. ఈ పద్ధతిలో అన్నిటికీ లెక్క ఉంటుంది, తీసేయడం కూడా ఒక్క కమాండ్‌తో అయిపోతుంది.

ఒకసారి చదివాం కదా అని అప్‌డేట్ అప్పుడు వదిలేయకండి. ఆక్రోరీడ్ కూడా మొదట్లో మంచి ప్యాకేజీనే. గిట్ ఫెచ్ చేసి, డిఫ్‌లో ఏం మారిందో చూశాకే పుల్ చేయండి. యే, పారు లాంటి హెల్పర్లు వాడినా డిఫ్ చూపిస్తాయి, చదవాల్సింది మాత్రం మనమే.

చాలా పీకేజీబిల్డ్‌లు యాభై లైన్లు కూడా ఉండవు. ఈరోజే మీ సిస్టమ్‌లో ఉన్న ఒక ఏయూఆర్ ప్యాకేజీది ఓపెన్ చేసి చదవండి. అర్థం కాని లైన్ ఉంటే, అర్థమయ్యేదాకా ఇన్‌స్టాల్ చేయకండి.