విహార నౌకలో బాల్కనీ గది – మనం తెలుసుకోవలసిన సంగతులు



మన భోగాపురానికి సముద్రం కూతవేటు దూరం. ముక్కాం, చేపలకంచేరు తీరాల్లో నిలబడితే దూరంగా ఓడలు చుక్కల్లా కనబడతాయి. ఆ ఓడల్లో మనుషులు ఎలా ఉంటారు, ఎక్కడ పడుకుంటారు అన్న సందేహం మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. విహార నౌకల ప్రకటనల్లో ‘బాల్కనీ గది’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. మనలో కొందరు రేపు సంపాదించి ఆ గదిలో ప్రయాణించవచ్చు. మరికొందరు అదే ఓడలో ఉద్యోగం చేయవచ్చు. ఇద్దరికీ పనికివచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాము.

1. మన తీరం నుంచి ఓడ ప్రయాణాలు

ఓడ ప్రయాణం మనవాళ్ళకు కొత్త కాదు. రంగూన్‌ను మన పెద్దలు ‘రంగం’ అనేవారు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి వేలమంది కూలి పనులకు రంగం వెళ్ళారు. వారిలో చాలామంది ‘డెక్ ప్రయాణికులు’. అంటే గది లేదు, మంచం లేదు. ఓడ పైతట్టు మీద చాప పరుచుకుని, ఎండకూ వానకూ ఓర్చుకుని పోయేవారు. గాలీ వెలుతురూ కావలసినంత ఉండేవి కాని, తలదాచుకునే చోటు ఉండేది కాదు.

ఇప్పుడు కాలం మారింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరు 4న విశాఖ రేవులో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. ఒకప్పుడు ఉచితంగా దొరికిన సముద్రపు గాలిని తలుపు, తాళంతో సహా అమ్మేదే బాల్కనీ గది.

2. గదుల రకాలు

పాత సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని టిక్కెట్లు ఉండేవి. ఓడలోనూ దాదాపు అంతే.

అ) లోపలి గది: కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. ధర అన్నిటికంటే తక్కువ.
ఆ) సముద్రం కనిపించే గది: కిటికీ ఉంటుంది కాని సాధారణంగా తెరుచుకోదు.
ఇ) బాల్కనీ గది: గాజు తలుపు జరిపి బయటికి వెళ్ళవచ్చు.
ఈ) సూట్: పెద్ద గది. ధర కూడా పెద్దదే.

సినిమా హాల్లో ఎక్కడ కూర్చున్నా సినిమా ఒక్కటే. ఓడలో కూడా ప్రధాన భోజనశాల, ఆటపాటలు, పైన ఉండే బహిరంగ డెక్ సాధారణంగా అందరికీ ఒక్కటే. అందుచేత లోపలి గది తీసుకున్నవారికి సముద్రం కనబడదని అనుకోకూడదు. మెట్లెక్కి పైకి వెళితే చాలు.

పాత ఓడల్లో బాల్కనీలు తక్కువ. ప్రాణరక్షణ పడవలను చాలా ఎత్తున వేలాడదీసేవారు కాబట్టి పై అంతస్తుల పక్కభాగం వాటికే పోయేది. 1912 నాటి టైటానిక్‌లో సొంత విహార వరండా ఉన్నవి రెండే సూట్లు. 1984లో వచ్చిన ‘రాయల్ ప్రిన్సెస్’ ఓడలో గదులన్నీ బయటివైపే కట్టారు. వాటిలో కొన్నిటికి బాల్కనీలు పెట్టారు. తరువాత పడవలను కింది అంతస్తులకు దించి, వాటి పైన వరుసగా బాల్కనీలు కట్టడం వాడుకైంది. మన తీరానికి వచ్చిన ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో తయారైన ఓడ. అందులో బాల్కనీ గదులు తక్కువే.

3. బాల్కనీలో ఏముంటుంది?

ప్రకటనలోని బొమ్మ చూసి మన ఇళ్ళ వరండా అంత ఉంటుందని అనుకోవద్దు. మామూలు బాల్కనీలో రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల పడతాయి. పక్క గదికీ మనకూ మధ్య ఒక పలుచని అడ్డు ఉంటుంది. పక్కవారి మాటలు వినబడతాయి. పై అంతస్తు వారికి మనం కనబడవచ్చు.

గాలి సంగతి లెక్క వేసి చూద్దాం. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఓడ 18 నాట్లతో పోతే గంటకు సుమారు 33 కిలోమీటర్లు. బయట గాలి కదలకపోయినా, బస్సు కిటికీ దగ్గర కూర్చున్నట్టు ఎదురుగాలి కొడుతుంది. కాగితాలు, తువ్వాళ్ళు ఎగిరిపోతాయి.

చూపు సంగతి కూడా లెక్కకు అందేదే. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. ముక్కాం ఒడ్డున నిలబడినవారి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే చూపు సుమారు 4.5 కిలోమీటర్లు. నీటికి 25 మీటర్ల ఎత్తున ఉన్న బాల్కనీ నుంచి అయితే సుమారు 18 కిలోమీటర్లు. అయినా రాత్రి సముద్రం మీద చీకటి తప్ప ఏమీ కనబడదు.

4. ఏ గది మంచిది?

ఊగుడు బల్ల చివర కూర్చున్నవారు బాగా పైకీ కిందకీ పోతారు. మధ్యలో ఉన్నవారు అంతగా కదలరు. ఓడ కూడా అంతే. వాంతులు, తలతిరుగుడు ఉన్నవారికి మధ్యభాగంలో, కింది అంతస్తు గది మంచిది. వెనుక చివర గదుల నుంచి ఓడ వదిలే నురగబాట అందంగా కనబడుతుంది కాని, యంత్రాల అదురు తెలుస్తుంది. కొన్ని గదుల ముందు ప్రాణరక్షణ పడవ అడ్డు ఉంటుంది. డబ్బు కట్టేముందు ఇది తప్పక అడగాలి.

ఏ పక్క అన్నదీ ముఖ్యమే. ముందుకు చూస్తూ నిలబడితే ఎడమవైపు ‘పోర్ట్’, కుడివైపు ‘స్టార్‌బోర్డ్’. విశాఖ నుంచి చెన్నై వెళ్ళేటప్పుడు ఓడ నైరుతి దిశగా పోతుంది. కనుక ఒడ్డు కుడివైపు, సూర్యోదయం ఎడమవైపు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది.

5. జాగ్రత్తలు

2006 మార్చి 23న కరీబియన్ సముద్రంలో ‘స్టార్ ప్రిన్సెస్’ ఓడలో ఒక బాల్కనీ దగ్గర నిప్పు రాజుకుంది. ఆర్పని సిగరెట్ కారణమై ఉంటుందని విచారణలో తేల్చారు. బాల్కనీల్లోని ప్లాస్టిక్ అడ్డులు, కుర్చీలు అంటుకుని మంట ఒకదాని నుంచి ఒకదానికి పాకింది. ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆ తరువాత అంతర్జాతీయ నిబంధనలు మార్చి, బాల్కనీల్లో సులభంగా కాలని సామగ్రి, మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాట్లు కావాలన్నారు. కాబట్టి బాల్కనీలో పొగ తాగరాదు. రెయిలింగ్ ఎక్కరాదు, కుర్చీని దాని దగ్గరకు జరపరాదు. పిల్లలను ఒంటరిగా వదలరాదు.

6. ఆ గదిని తుడిచేవారు

బాల్కనీ గదిలో రోజూ పక్క సర్ది, గాజు తలుపు తుడిచే ఉద్యోగిని ‘కేబిన్ స్టీవార్డ్’ అంటారు. అతని సొంత గది సాధారణంగా కింది అంతస్తుల్లో, కిటికీ లేకుండా, మరొకరితో కలిసి ఉంటుంది. నెలల తరబడి ఇంటికి దూరం. హాస్టల్లో పదిమందితో సర్దుకున్న మనకు ఆ ఇరుకు కొత్త కాకపోవచ్చు. కాని మన హక్కులు తెలియకుండా వెళ్ళకూడదు.

2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని భారతదేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోరాదు. వైద్య ధ్రువపత్రం, నావికుల పుస్తకం, పాస్‌పోర్టు వంటివాటి ఖర్చు మాత్రమే మనది. కనుక ‘లక్షలు కట్టు, ఓడ ఎక్కిస్తాను’ అనే ఏజెంటు మాట నమ్మి ఇంట్లో బంగారం, పొలం తాకట్టు పెట్టవద్దు. ఆ సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ముందుగా చూడాలి. ఒప్పందం చేతికి తీసుకుని చదివాకే సంతకం చేయాలి.

ముగింపు

మిత్రులారా! మన తాతలు చాప పరుచుకుని సముద్రం దాటారు. మనం చదువుతో దాటాలి. గదిలో దిగినా, గది తుడిచినా, కాగితం చదివి, లెక్క వేసుకుని ఓడ ఎక్కినవాడు మోసపోడు.

ఆలోచించండి:
1. చెన్నై నుంచి విశాఖ వచ్చేటప్పుడు ఒడ్డు ఏ పక్క ఉంటుంది?
2. 16 మీటర్ల ఎత్తున ఉన్న బాల్కనీ నుంచి దిగంతం ఎంత దూరం?
3. ఓడ ఉద్యోగానికి ఏజెంటు రుసుము అడిగితే మీరు ఏమంటారు?